వైబ్రేషన్ ప్లేట్‌తో కాళ్లలో రక్తప్రసరణ: ఎలా నిలబడాలి, ఎంతసేపు, ఫలితం ఎలా చూసుకోవాలి

మోకాళ్ల నొప్పుల తర్వాత ఈమధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది వైబ్రేషన్ ప్లేట్ గురించే, అంటే మనం ఎక్కి నిలబడితే కరెంటుతో ఊగే పలక. విశాఖ గాజువాకలో నా ఫిజియోథెరపీ గదికి వచ్చేవాళ్లలో రిటైరైనవాళ్లే ఎక్కువ. పిల్లలు బెంగళూరు నుంచో అమెరికా నుంచో ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టేస్తారు. పెట్టె ఇంటికొస్తుంది, లోపలున్న పుస్తకంలో తెలుగు ముక్క ఒక్కటీ ఉండదు. "డాక్టరు గారూ, దీనిమీద నిలబడితే కాళ్లలో రక్తం బాగా తిరుగుతుందట కదా, రోజుకి ఎంతసేపు నిలబడమంటారు?" అని ఫోను. ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాలు చెప్పలేక ఇదంతా రాస్తున్నాను.

రక్తం బాగా తిరిగే మాట నిజమే, కానీ కాసేపే. 2001లో వియన్నా పరిశోధకులు 20 మంది ఆరోగ్యవంతులను 26 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 26 సార్లు ఊగే ప్లేట్ మీద మొత్తం 9 నిమిషాలు నిలబెట్టి చూశారు. మోకాలి వెనక ధమనిలో రక్తం సగటు వేగం సెకనుకు 6.5 సెంటీమీటర్ల నుంచి 13కి, అంటే రెట్టింపుకి పెరిగింది. అయితే వాళ్లెవరికీ జబ్బు లేదు. తర్వాత వేరేవాళ్లు చేసిన పరీక్షల్లో ఫలితాలన్నీ ఇంత బాగా రాలేదు కూడా. ప్లేట్ రకం, వేగం, నిలబడే తీరు మారితే ఫలితం మారిపోతోంది. కాబట్టి మెషిన్ ఖరీదు కంటే మీరు దానిమీద ఎలా నిలబడ్డారన్నది ముఖ్యం. కింద రాసిందంతా దాని గురించే.

సిద్ధాంతం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ప్లేట్ ఊగిన ప్రతిసారీ పిక్క కండరం తనంతట తానే బిగిసి వదులుతుంది. బిగిసినప్పుడల్లా సిరల్లోని రక్తాన్ని పైకి పిండుతుంది, లోపలున్న కవాటాలు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. ధమనిలో రక్తం వేగం పెరిగితే దాని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, నాళం కాస్త వెడల్పవుతుంది. కొవ్వు పేరుకుని పూడుకుపోయిన నాళాన్ని మాత్రం ఏ ప్లేటూ తెరవలేదు.

ఎవరు ఎక్కకూడదు

ఈ భాగం వదిలేసి కిందికి వెళ్లకండి. కాలి సిరలో రక్తం గడ్డ ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆ జబ్బుకి మందులు వాడినవాళ్లు ప్లేట్ జోలికి వెళ్లకూడదు. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, మూర్ఛ వచ్చేవాళ్లు, కంటి రెటీనాకి చికిత్స జరిగినవాళ్లు, మూత్రపిండాల్లోనో పిత్తాశయంలోనో రాళ్లున్నవాళ్లు, నడుము డిస్కు జారి కాలిలోకి నొప్పి పాకుతున్నవాళ్లు, ఈమధ్య ఎముక విరిగినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు కూడా తమ డాక్టరు ఒప్పుకుంటేనే. మోకాలో తుంటో మార్చుకున్నవాళ్లు ఆపరేషన్ చేసిన సర్జన్‌నే అడగండి, నన్ను కాదు.

షుగరు ఉండి పాదంలో పుండు ఉంటే అది పూర్తిగా మానేదాకా వద్దు. పుండు లేకపోయినా అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకి ప్లేట్ మీద ఏదైనా గుచ్చుకున్నా, చర్మం ఒరుసుకుపోయినా తెలియదు. వాళ్లు ఒంటరిగా చెయ్యకూడదు.

ఇంకొక్క మాట. కాస్త దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే రెండుమూడు నిమిషాల్లో వదిలేసి, మళ్లీ నడిస్తే మళ్లీ అంతే దూరంలో పట్టేస్తోందా? అది ధమని పూడుకుంటున్న లక్షణం కావచ్చు. ప్లేట్ కొనడానికి ముందు కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో చూపించుకుని, చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్ష గురించి అడగండి. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 గానీ అంతకంటే తక్కువగానీ వస్తే ధమనిలో అడ్డు ఉన్నట్టే లెక్క. 1.4 దాటినా మంచిది కాదు, నాళాలు గట్టిపడ్డాయని అర్థం. షుగరు పాతబడినవాళ్లలో ఇది కనిపిస్తుంది.

కావలసినవి

ప్లేట్. రెండు రకాలుంటాయి. ఒకటి తక్కెడలాగా ఊగేది: ఎడమ పక్క లేస్తే కుడి పక్క దిగుతుంది. రెండోది మొత్తం ఒకేసారి నిట్టనిలువుగా లేచి దిగేది. ఇళ్లకి వచ్చే చవకవాటిలో ఎక్కువ భాగం మొదటి రకమే. రక్తప్రసరణ కోసమైతే నా ఓటు కూడా దానికే, ఎందుకో నాలుగో మెట్టులో చెప్తాను.

ఇవి కాక పట్టుకోవడానికి కదలని ఆధారం ఒకటి, కిందికి రబ్బరు మ్యాట్, టైలరు టేపు, స్లోమోషన్ వీడియో తీసే ఫోను, సెకన్లు చూపే గడియారం, ఒక నోటు పుస్తకం. నోటు పుస్తకం లేకుండా మొదలుపెట్టినవాళ్లెవరూ నెల తర్వాత "తగ్గిందా?" అని అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయారు.

1. ముందు ప్లేట్‌ని కుదురుగా పెట్టండి

మన ఫ్లాట్లలో నేలంతా నున్నటి టైల్స్. ఉత్త టైల్ మీద ప్లేట్ పెడితే అది మెల్లగా నడుచుకుంటూ పోతుంది, మీరు దానిమీద ఉండగానే. కింద రబ్బరు మ్యాట్ తప్పనిసరి. గోడకి ఆనించకండి, జానెడు ఎడం ఉంచండి. ఎదురుగా కిటికీ గ్రిల్లో, బరువైన డైనింగ్ టేబులో ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ ఆధారం కాదు.

మ్యాట్ వల్ల ఇంకో ఉపయోగం ఉంది. నా మొదటి ప్లేట్‌ని ఇంట్లో పొద్దున్న ఐదున్నరకి ఉత్త నేలమీద ఆన్ చేశాను. మూడోరోజు కింది ఫ్లాట్ పెద్దాయన లుంగీ మీదే పైకొచ్చి, "ఏటి బాబూ, ఇంట్లో పిండిమర పెట్టావా?" అన్నారు.

సముద్రం వైపు ఉండేవాళ్లు, అంటే లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వాళ్లు నెలకోసారి ప్లేట్ తిరగేసి బోల్టులు చూడండి. ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది, వణుకుకి వదులవుతాయి. టకటకమని కొత్త చప్పుడు వస్తే ఆరోజు ఎక్కవద్దు.

2. తెరమీద అంకెని నమ్మకండి, హెర్ట్జ్ కనుక్కోండి

అందరూ తప్పుచేసేది ఇక్కడే. మెషిన్ మీద 1 నుంచి 99 దాకా, కొన్నిటి మీద 120 దాకా లెవెల్స్ ఉంటాయి. 30 అని కనిపిస్తే 30 హెర్ట్జ్ అనుకుంటారు. కాదు. అది ఆ కంపెనీవాళ్లు పెట్టుకున్న నెంబరు మాత్రమే. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్నిసార్లు లేచి దిగుతోందన్న లెక్క.

కనుక్కోవడం తేలికే. ప్లేట్ అంచుమీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి పెన్నుతో చుక్క పెట్టండి. పక్కనే నేలమీద ఒక స్కేలు నిలబెట్టండి. ఇంట్లో ఒకరు ప్లేట్ మీద నిలబడాలి. ఇది ముఖ్యం, ఎందుకంటే చవక మోటార్లు బరువు పడగానే నెమ్మదిస్తాయి. ఇంకొకరు పక్కన కూర్చుని 240 ఫ్రేముల స్లోమోషన్లో చుక్కని వీడియో తీయాలి. ఆ వీడియో చాలా ఫోన్లలో 8 రెట్లు నెమ్మదిగా ఆడుతుంది. అంటే తెరమీద 8 సెకన్లు అసలులో ఒక్క సెకను. ఆ 8 సెకన్లలో చుక్క ఎన్నిసార్లు పైకి లేచిందో లెక్కపెట్టండి, అవే హెర్ట్జ్. పన్నెండుసార్లు లేస్తే 12. మీ ఫోనులో 120 ఫ్రేములే ఉంటే తెరమీద 4 సెకన్లు చాలు.

అదే వీడియోలో స్కేలు పక్కన చుక్క ఎంత ఎత్తు ఎగిరి దిగిందో కూడా చూడండి. తక్కెడ రకంలో మధ్యలో తక్కువ, అంచుల్లో ఎక్కువ ఉంటుంది. మీ పాదం పడే చోటు కొలత కావాలి.

లెవెల్ 10, 20, 30, 40 దగ్గర నాలుగు వీడియోలు తీసి నోటు పుస్తకంలో పట్టిక రాసుకోండి. ఈ పని ఒక్కసారే.

ఇంకో దారి ఫైఫాక్స్ అనే ఉచిత యాప్. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసింది. ఫోనుని ప్లేట్‌కి టేపుతో అంటిస్తే ఎన్ని హెర్ట్జో గ్రాఫులో చూపిస్తుంది. కానీ దీనికి పాత ఫోను వాడండి. బైకు హ్యాండిల్ వణుకు ఫోను కెమెరాని పాడుచేయవచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే హెచ్చరించింది. ప్లేట్ వణుకు అంతకన్నా తక్కువేం కాదు.

ఈ కొలత ఎందుకంటే, హెర్ట్జ్ రెట్టింపైతే ఒంటికి తగిలే కుదుపు నాలుగు రెట్లవుతుంది. మొత్తం 4 మిల్లీమీటర్లు లేచి దిగే చోట 10 హెర్ట్జ్ దగ్గర కుదుపు దాదాపు 0.8 జీ (1 జీ అంటే భూమి మనల్ని కిందికి లాగేంత). అదే చోట 20 హెర్ట్జ్ పెడితే 3.2 జీ. లెవెల్ కాస్తే పెంచాం కదా అనుకుంటారు, నడుముకి తెలుస్తుంది.

3. ఎక్కేముందు కాళ్లు చూసుకోండి

ఫ్యాను కింద పది నిమిషాలు కూర్చుని మొదలుపెట్టండి. మన ఊరి ఉక్కకి ఎండలోంచి వచ్చినవాళ్ల కాళ్లు ఎలాగూ వెచ్చగానే ఉంటాయి, ఆ కొలత పనికిరాదు.

బొటనవేలి గోరుని 5 సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడ్డ గోరు మళ్లీ గులాబీ రంగుకి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. రెండు లోపు బాగున్నట్టు. వయసు మీదపడ్డవాళ్లకి మూడు పట్టొచ్చు. గోరుకి రంగు వేసుకుంటే తుడవండి, గోరింటాకు ఉంటే వేలి చివర కండని నొక్కండి.

తర్వాత అరచేతి వెనక భాగంతో రెండు పాదాల చల్లదనం పోల్చండి. ఒక కాలు మాత్రమే చల్లగా ఉంటే రాసుకోండి.

పాదం పైభాగంలో బొటనవేలు పైకెత్తితే తాడులా లేచే స్నాయువు పక్కనే, రెండో వేలి వైపు, నాడి దొరుకుతుంది. ఇంకోటి లోపలి చీలమండ ఎముక వెనక. గట్టిగా నొక్కితే నాడి అణిగిపోతుంది, వేళ్లు మెత్తగా ఆనించండి. జబ్బేమీ లేని కొందరికీ పాదం పైన నాడి అందదు, అది ఒక్కటే చూసి కంగారు పడకండి. రెండు చోట్లా దొరక్కపోతే డాక్టరుకి చెప్పండి.

ఆఖరుగా పిక్క చుట్టుకొలత. మోకాలి చిప్ప కింద ఎముక బొడిపె తగులుతుంది. అక్కణ్ణుంచి 10 సెంటీమీటర్లు కిందికి పెన్నుతో గుర్తు పెట్టి, టేపు బిగించకుండా చుట్టండి. రెండు కాళ్లూ కొలవండి. రెండింటికీ మధ్య తేడా 3 సెంటీమీటర్లు దాటి, పెద్దగా ఉన్న పిక్క నొప్పిగానో వేడిగానో ఉంటే ప్లేట్ ఎక్కొద్దు. అదేరోజు ఆసుపత్రికి వెళ్లి డాప్లర్ స్కాన్ (నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూపే అల్ట్రాసౌండ్) చేయించుకోండి. సిరలో గడ్డని అనుమానించడానికి డాక్టర్లు వాడే గుర్తుల్లో ఇదొకటి.

4. నిలబడే తీరు

చెప్పుల్లేకుండా, మేజోళ్లు లేకుండా ఎక్కండి. మేజోళ్లతో కాలు జారుతుంది. తడి కాళ్లతో అసలే వద్దు.

పాదాలు భుజాలంత ఎడం ఉంచకండి, మొదట్లో మధ్యకి దగ్గరగా పెట్టండి. తక్కెడ రకంలో మధ్యకి జరిగే కొద్దీ ఊపు తగ్గుతుంది. అందుకే ఆ రకం నాకిష్టం: బటన్ ముట్టకుండా, పాదం జరిపి కుదుపు తగ్గించుకోవచ్చు.

మోకాళ్లు కొంచెం వంచండి. ఎంత అంటే, కుర్చీలోంచి లేచి ఇంకా పూర్తిగా నిలబడకముందు ఎలా ఉంటారో అంత. నిటారుగా బిగించిన మోకాలు కర్రలాంటిది. కుదుపుని నేరుగా నడుముకి, మెడకి, తలకి పంపేస్తుంది. వంచిన మోకాలు మధ్యలోనే మింగేస్తుంది.

ఇప్పుడు బరువుని పాదం ముందు భాగంమీదికి తెచ్చి, మడమని ఒక కాగితం దూరేంత లేపండి. పిక్క గట్టిపడటం మీకే తెలుస్తుంది. మనకి కావలసిన పంపు అదే. అయితే మొదటివారం ఇది చెయ్యొద్దు, తూలిపోతారు. ముందు పాదం మొత్తం ఆనించి అలవాటు పడండి.

సరిగా నిలబడ్డారో లేదో తెలియాలంటే ఎదురుగా గోడమీది క్యాలెండరు చూడండి. తేదీలు స్పష్టంగా కనిపిస్తే బాగుంది. అక్షరాలు వణుకుతున్నా, పళ్లు కటకటమన్నా, మాట్లాడితే గొంతు మేకలా ఊగినా కుదుపు తలదాకా వెళ్తోందని అర్థం. మోకాళ్లు ఇంకాస్త వంచండి, పాదాలు దగ్గరికి జరపండి. అప్పటికీ తగ్గకపోతే వేగం తగ్గించండి.

ఒక్క చిక్కు. "నెమ్మది వేగమే మంచిది" అని మరీ 5 హెర్ట్జ్ దగ్గర పెట్టకండి. అక్కడ నడుము, పొట్ట కుదుపుతో కలిసి ఊగుతాయి, కడుపులో తిప్పినట్టుంటుంది.

5. మొదటి రెండు వారాలు

10 నుంచి 12 హెర్ట్జ్. ఒక నిమిషం నిలబడండి, దిగి ఒక నిమిషం గదిలో నడవండి. మూడుసార్లు. అంతే. రోజు విడిచి రోజు చేయండి. రెండోవారంలో ఐదుసార్లు.

తిన్న గంటన్నర దాకా ఎక్కొద్దు. ముందు ఒక గ్లాసు నీళ్లు తాగండి. బీపీ మాత్ర వేసుకున్నవాళ్లు దిగేటప్పుడు గ్రిల్ పట్టుకుని అర నిమిషం అలాగే ఉండండి, కళ్లు తిరగొచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఆరోజు తొడకి ఇంజెక్షన్ చేసుకోకండి. కండరం పనిచేస్తే ఆ మందు త్వరగా ఒంట్లో కలిసి షుగరు పడిపోవచ్చు. పొట్టకి చేసుకోండి, జేబులో నాలుగు చాక్లెట్లు ఉంచుకోండి.

మొదటి రెండుమూడు రోజులు పిక్కలు, తొడలు ఎర్రబడి విపరీతంగా దురద పెడతాయి. ఇది చూసి భయపడి మెషిన్ అటక ఎక్కించినవాళ్లు నాకు తెలుసు. చర్మానికి రక్తం ఒక్కసారిగా ఎక్కువ రావడం వల్ల చాలామందికి వస్తుంది. దిగి నడిస్తే పది నిమిషాల్లో పోతుంది, నాలుగైదుసార్లు చేసేసరికి రావడం మానేస్తుంది. దద్దుర్లు లేచి ఒళ్లంతా పాకితే మాత్రం వేరే సంగతి, ఆపేయండి.

నిలబడలేని పెద్దవాళ్లకి కుర్చీలో కూర్చోబెట్టి పాదాలు ప్లేట్ మీద పెట్టించండి. కుర్చీకి నాలుగు కాళ్లూ నేలమీదే ఉండాలి, ప్లేట్ మీదికి రాకూడదు. ఒంటి బరువు పడదు కాబట్టి ఫలితం తక్కువే. అరచేతులతో మోకాళ్లని కిందికి నొక్కితే కాస్త పెరుగుతుంది.

6. దిగాక చూడవలసినవి

దిగిన రెండు నిమిషాలకి గోరు నొక్కి చూడండి, పాదం వెచ్చదనం చూడండి. పది నిమిషాలకి మళ్లీ, అరగంటకి మళ్లీ. మొదటి కొలతకంటే గోరు రంగు త్వరగా వచ్చి, పాదం వెచ్చబడితే పని జరిగింది. అరగంటకల్లా మామూలుకి వచ్చేస్తే నిరాశపడకండి, చాలామందిలో అంతే.

తేడా ఏమీ కనబడకపోతే మూడు కారణాలు చూసుకోండి. మీ కాళ్లు ముందునుంచీ బాగానే ఉండొచ్చు, అప్పుడు పెరగడానికి ఏముంటుంది? మడమల మీద బరువు వేసి నిలబడి ఉండొచ్చు. లేదా బరువుకి మోటారు కుంటుతూ ఉండొచ్చు, మీరు ఎక్కి ఉండగా ఇంకోసారి వీడియో తీయండి.

పాదం వెచ్చబడే బదులు చల్లబడినా, పాలిపోయినా, వేళ్లు మొద్దుబారినా అక్కడితో ఆపండి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే 108.

7. పెంచడం

మూడోవారం నుంచి వారానికి 2 హెర్ట్జ్ చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. క్యాలెండరు పరీక్ష ప్రతి మెట్టు దగ్గరా పాసవ్వాలి. 20 చేరాక చాలామందికి అక్కడే సరిపోతుంది. మోకాళ్లు, నడుము బాగున్నవాళ్లు 26 దాకా వెళ్లొచ్చు. ఒక్కరోజులో ఊగే సమయం మొత్తం కలిపి 10 నిమిషాలు దాటనివ్వకండి. కారణం ఉంది. డ్రైవర్లు, యంత్రాల మీద పనిచేసేవాళ్లకి ఒంటి కుదుపు రోజుకి ఎంత మించకూడదో యూరప్‌లో 2002లో పరిమితి పెట్టారు: ఎనిమిది గంటల లెక్కన 1.15 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్డ్. ప్లేట్ కుదుపు దానికి ఎన్నో రెట్లుంటుంది. మనం దాన్ని తట్టుకునేది నిమిషాల్లో ముగించి, మోకాళ్లు వంచి నిలబడతాం కాబట్టే.

టీవీ సీరియల్ పెట్టుకుని అరగంట నిలబడేవాళ్లు ఇది ఇంకోసారి చదవాలి.

చేతుల సంగతి

"కాళ్లకి మంచిదైతే చేతులకీ మంచిదేగా, ప్లేట్ మీద చేతులానించి చెయ్యనా?" అని ముఖ్యంగా గ్రైండర్ పని చేసేవాళ్లు అడుగుతారు. మన ఊళ్లో ఓడల పని, ఫ్యాబ్రికేషన్ పని చేసేవాళ్లకి కొదవ లేదు. వాళ్లకి నా జవాబు ఒకటే: వద్దు.

యాంగిల్ గ్రైండరు, చిప్పింగ్ హ్యామరు లాంటివి ఏళ్ల తరబడి పట్టుకుంటే వేళ్లలోని సన్నటి నాళాలు చలి తగలగానే ముడుచుకుపోయే అలవాటులో పడతాయి. వేలు చివర సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. 1918లోనే అమెరికాలో అలిస్ హామిల్టన్ అనే డాక్టరు, ఇండియానా రాష్ట్రంలో సున్నపురాయి చెక్కే కార్మికుల చేతుల్లో దీన్ని పరిశీలించి రాశారు. విశాఖలో ఆ చలి ఉండదు కాబట్టి జబ్బున్న సంగతి మనవాళ్లకి ఏళ్లపాటు తెలియదు. లంబసింగి వెళ్లినప్పుడో, ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసినప్పుడో మొదటిసారి బయటపడుతుంది. ఒక కుర్రాడు అరకు పిక్నిక్ ఫోటోలో రెండు వేళ్లు తెల్లగా ఉన్నాయని చూపిస్తూ వచ్చాడు, కెమెరా తప్పనుకున్నాడట.

అదే వణుకు ఒకచోట నాళాన్ని తెరవడం, ఇంకోచోట మూయడం ఏమిటంటే, తేడా వేగంలో, సమయంలో, పట్టులో ఉంది. గ్రైండరు వణుకు ప్లేట్ కన్నా చాలా వేగం, గంటల తరబడి, బిగించిన పిడికిలిలో. కాబట్టి ప్లేట్‌కి నిలువు రాడ్డు ఉంటే దాన్ని కూడా గట్టిగా పట్టుకోకండి. వేళ్లు ఊరికే ఆనించండి. వేళ్లు తెల్లబడే అలవాటున్నవాళ్లు రాడ్డు అసలు ముట్టకుండా గోడ గ్రిల్ పట్టుకోవాలి.

ప్లేట్ లేకపోతే

వంటింటి గట్టు పట్టుకుని మడమలు లేపి దించండి. ఇరవైసార్లు, మూడు విడతలు. పిక్క పంపు పనిచేసే తీరు ఒకటే, కరెంటు ఖర్చు లేదు. హైదరాబాదుకి రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్లేవాళ్లు పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి, గంటకోసారి ముప్పై. నడవగలిగినవాళ్లకి పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డుని మించిన మెషిన్ లేదని నా అభిప్రాయం. ప్లేట్ అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోరు.

ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ అయిన మర్నాడు నాకు ఫోన్లు ఎక్కువ. 32 కిలోమీటర్లు నడిచి పాదాలు ఉబ్బి, "ప్లేట్ ఎక్కితే వాపు దిగుతుందా?" అని. ఆరోజు ఎక్కొద్దు. కండరాలు అలిసి ఉన్నాయి, అరికాళ్లలో బొబ్బలుంటాయి. పడుకుని కాళ్లు రెండు దిండ్ల మీద, గుండెకంటే ఎత్తులో పెట్టండి. రెండ్రోజులయ్యాక, బొబ్బలు ఆరాక చూసుకుందాం.

తరచూ చూసే తప్పులు

అన్నిటికంటే ఎక్కువ చూసేది మోకాళ్లు బిగించడం, పైన చెప్పాను. దాని తర్వాత, ఒక్క కాలి మీద నిలబడటం. వాపున్న కాలికి రెట్టింపు ఫలితం వస్తుందని చేస్తారు, చీలమండ బెణుకుతుంది.

ఉబ్బిన సిరలున్నవాళ్లు మసాజ్ మెషిన్ అనుకుని పిక్కని ప్లేట్ అంచుకి ఆనించి కూర్చుంటారు. సిర మీద నేరుగా కుదుపు పడకూడదు, గీరుకుంటే రక్తం ఆగదు. వాళ్లకి డాక్టరు రాసిన బిగుతు మేజోళ్లు మొదటి మందు, ప్లేట్ ఆ తర్వాత.

ఇంకొకటి, రెండు కాళ్లూ సమానంగా వాచినవాళ్లు ప్లేట్‌తో సరిపెట్టుకోవడం. ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంటే కారణం గుండెలోనో, కిడ్నీలోనో, కొన్నిసార్లు వాడుతున్న బీపీ మాత్రలోనో ఉండొచ్చు. ముందు అది తేలాలి. మందు మీరే మానేయకండి, డాక్టరుకి చూపించండి.

ఎన్నాళ్లకి తేల్చుకోవాలి

ఆరు వారాలు. నోటు పుస్తకం తీసి మొదటి వారం, ఆరో వారం అంకెలు పక్కపక్కన పెట్టండి. గమనించాల్సింది ప్లేట్ దిగాక వచ్చిన కొలతలు కాదు, ఎక్కకముందువి: గోరు సెకన్లు, సాయంత్రం పూట పిక్క చుట్టుకొలత, ఆగకుండా ఎంత దూరం నడిచారు. మూడింట్లో రెండు మెరుగుపడితే కొనసాగించండి. ఒక్కటీ కదలకపోతే ఆ ప్లేట్ మీకు పనికొచ్చేది కాదు, రోజూ ఆ పది నిమిషాలు నడవండి. ఏదైనా అంకె దిగజారితే పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మాటలకంటే ఆ పేజీ చూస్తే ఆయనకి త్వరగా అర్థమవుతుంది.

ఇలా మానేసినవాళ్ల ప్లేట్లు ఊళ్లో చాలా ఉన్నాయి, అందుకే "సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?" అని కూడా అడుగుతుంటారు. కొనొచ్చు. కానీ అమ్మేవాళ్ల ఇంట్లోనే, మీరే దానిమీద నిలబడి, స్లోమోషన్ వీడియో తీయించుకుని లెక్కపెట్టండి. 20 హెర్ట్జ్ దాకా వెళ్లకపోయినా, ఎడమ కుడి పక్కలు వేర్వేరు ఎత్తులు లేస్తున్నా వదిలేసి వచ్చేయండి. తిరగేసి బోల్టులు కూడా చూడండి, మరీ బీచ్ రోడ్డు ఫ్లాట్ అయితే.